నీళ్ళు కాల్తాండాయా?

హిందూపురం స్టేషన్లో టికెట్ కిటికీ పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. 'ఆధ్యాత్మికత, స్వస్థత, సామాజిక న్యాయం. మాట్లాడుకుందాం, రండి' అని పెద్దక్షరాలు. కింద పెనుకొండలో ఒక హాలు గుర్తులు, ప్రతి ఆదివారం అని. మొదటి మూడు మాటలకూ నా నోరు తిరగలేదు. చివరి మాట ఒక్కటే తిన్నగా లోపలికి దిగింది. రండి. నన్ను ఎవరైనా రండి అని పిలిచి ఎంత కాలమైందో! చావు ఇళ్ళవాళ్ళు పిలుస్తారు, కాదనను. వాళ్ళు మాత్రం రండి అనరు. 'రొంత బిరీన రావల్ల' అంటారు, త్వరగా రమ్మని.

నా పేరు గుల్షన్. మా ముస్లిముల్లో ఆడమనిషి చనిపోతే ఆఖరి స్నానం చేయించేది నేనే. ఆడవాళ్ళకు ఆడవాళ్ళే చేయించాలి. మా అత్త చేసేది, ఆమె దగ్గర నేను నేర్చుకున్నాను. ఆమె పోయినప్పుడు ఆమెకూ నేనే పోశాను. రేగాకు వేసి కాచిన నీళ్ళు, చివరి చెంబులో కర్పూరం, ఒంటి మీద గుడ్డ జరగకుండా గుడ్డ కిందనే చెయ్యి ఆడించాలి. కుడి పక్క ముందు, ఎడమ పక్క తర్వాత. మాట్లాడకూడదు. చూసినదేదీ బయట చెప్పకూడదు. ఈ ఊళ్ళో ఎవరి ఒంటి మీద ఏ మచ్చ ఉందో నాకు తెలుసు. అదంతా నాతోనే మట్టిలోకి పోతుంది.

మేం దూదేకుల వాళ్ళం. ఏడ్చినా నవ్వినా తెలుగులోనే. ఉర్దూ ఇళ్ళ ఆడవాళ్ళు నేను దువా చదివితే నా పలుకు విని ముసిముసిగా నవ్వుకుంటారు. వాళ్ళింట్లో ఎవరైనా పోయిన రోజు మాత్రం నా పలుకు బాగానే ఉంటుంది. చేసేది పుణ్యమని అందరూ ఒప్పుకుంటారు. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చుంటే రవంత జరుగుతారు. కడుపుతో ఉన్నవాళ్ళను నా కంటపడనివ్వరు. కోపం రాదా అంటే వస్తుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చూపించడానికి ఇంట్లో మనిషే లేడు.

మా ఆయన రహీమ్ పరుపులు కుట్టేవాడు. ఆయన పోయినప్పటి నుంచి నన్ను ఎవరూ ముట్టుకోలేదు. డాక్టరు కూడా చెయ్యి పట్టుకోడు, పట్టీ చుట్టి మిషన్లో నంబరు చూస్తాడు. పిల్లలు లేరు. చెల్లెలి కూతురు షహీన్ ఎర్రమంచిలో కార్ల కంపెనీలో పని చేస్తుంది, తోటి పిల్లలతో రూములో ఉంటుంది. ఎప్పుడైనా వస్తే గడప మీద కూర్చుని ఫోను చూసుకుని పోతుంది. ఈ మధ్య ఒక్కటే ఆలోచన నన్ను తినేస్తూ ఉండింది. అత్తకు నేను పోశాను. నాకెవరు పోస్తారు? నా దగ్గర ఎవరూ నేర్చుకోలేదు. నేర్పుతానంటే దండం పెట్టి పోయేవాళ్ళే.

ఆ ఆదివారం ప్యాసింజరెక్కి పెనుకొండలో దిగాను.

హాలు ఎరువుల అంగడి మీద ఉంది. పైన ఆత్మ గురించి మాట్లాడుతుంటే కింద నుంచి యూరియా వాసన వస్తుంది. గుండ్రంగా కుర్చీలు వేశారు. నడిపేది ప్రమోద అనే ఆమె. బెంగుళూరులో ఏదో కంపెనీలో మనుషుల బాగోగులు చూసే ఉద్యోగం చేసి, విసుగెత్తి మానేసి, అమ్మమ్మ ఊరని వచ్చి ఇక్కడ ఉంటోంది. మంచిది. ఆ మంచితనానికి మాటలు కాస్త ఎక్కువ, అంతే.

"ఎవరి గురించి వాళ్ళు రెండు మాటలు చెప్పండి. ఇక్కడ పెద్దా చిన్నా లేదు. మనమందరం ఒకే చెరువులోని నీటి బొట్లం" అంది ప్రమోద.

ముందు తిరుపాల్ లేచాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాడట. "నేను అనేదే అహంకారమమ్మా. నా పేరు తిరుపాల్ అని చెప్పడం గూడా అహంకారమే" అని మొదలుపెట్టి, చాలాసేపు తన గురించే చెప్పాడు. నా వంతు వచ్చింది.

"నా పేరు గుల్షన్. హిందూపురం. పీనుగులకు నీళ్ళు పోస్తా" అన్నాను.

కాస్త అందంగా చెప్పి ఉండవచ్చు. నాకు చేతకాదు. నా పక్కనున్న ఆమెకు ఉన్నట్టుండి ఫోను గుర్తొచ్చింది. బయటికి వెళ్ళి, తిరిగి వచ్చి ఎదుటి వరుసలో కూర్చుంది. నీటి బొట్టు నీటి బొట్టును చూసి జరగడం అప్పుడే చూశాను.

ఖాళీ అయిన ఆ కుర్చీలోకి అవతలి మూల నుంచి ఒకామె లేచి వచ్చింది. నల్లగా, పొట్టిగా, మెడలో సిలువ. నాకన్నా చిన్నదే. చేతులు మాత్రం మగవాడి చేతుల్లా ఉన్నాయి.

"నా పేరు పుల్లమ్మ. ధర్మవరం" అంది కూర్చుంటూనే. "నేను పసిబిడ్డలకు, బాలింతలకు నీళ్ళు పోస్తా. ఈయక్క కడాకు పోస్తుంది. నడుమ ఊరంతా వాళ్ళకు వాళ్ళే పోసుకుంటారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మాటలయ్యాక టీ వచ్చింది. ఊరికే కూర్చోవడం అలవాటు లేక, పళ్ళెం నేనే ఎత్తుకుని అందరి ముందుకూ తిప్పాను. ఒకరు ఇప్పుడే తాగానన్నారు. ఒకరు షుగరన్నారు. ఇంకొకరూ షుగరే అన్నారు. పళ్ళెం నిండుగానే పుల్లమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె ఒక కప్పు తీసుకుని గటగటా తాగి, రెండోది తీసుకుంది.

"శానా మందికి షుగరు ఉండాదే ఈడ" అంది గట్టిగా.

ప్రమోద మొహం ఎర్రబడింది. చప్పున వచ్చి ఒక కప్పు తీసుకుంది. ఆమె మంచిదని ఊరికే అనలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు ఇద్దరం స్టేషన్లో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నా బండి హిందూపురం వైపు, ఆమె బండి ధర్మవరం వైపు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. నిజం చెప్పాలంటే హాల్లో జరిగేది నాకు సగం ఎక్కేది కాదు. ఆ బెంచీ కోసం వెళ్ళేదాన్ని. ఆమె రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చేది. నేను బొరుగులు కలిపి తెచ్చేదాన్ని. ఒకే డబ్బాలో ఇద్దరి చేతులూ ఆడేవి. బండి ఆలస్యమని మైకులో చెప్తే అందరూ తిట్టుకునేవాళ్ళు, మాకు మాత్రం పండగే.

"దేవుడు యాడుంటాడంటావక్కా?" అని అడిగింది ఒకసారి, వేళ్ళు నాక్కుంటూ.

"పీనుగను కడిగేటప్పుడు ఉంటాడు. నా పక్కనే నిలబడినట్టు ఉంటుంది. ఇంటికొచ్చి బీగం తీసినాక ఉండడు."

"నాకు తిరుగుమల్ల. చర్చిలో ఆ మైకు గోలకు రాడు. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే వస్తాడు. వచ్చి ఏం మాట్లాడడు, మా ఆయన మాదిరి."

ఆయన పోయాక ఆమెకూ ఎవరూ లేరు. ఒక్క కొడుకు, పెళ్ళి చేసుకుని అత్తగారి ఊరు ఓబులదేవరచెరువు వెళ్ళిపోయాడు. పట్టుచీరల వ్యాపారుల ఇళ్ళలో ఎందరు బిడ్డలకు నీళ్ళు పోసిందో ఆమెకే తెలియదు. కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని, నూనె రాసి, వేడినీళ్ళు పోసి, ముక్కు నొక్కి తీర్చి, సాంబ్రాణి వేసి తల్లి చేతికి ఇచ్చేది. అంత చేశాక ఆమెకు ఇచ్చే కాఫీ మాత్రం వేరే గ్లాసులో పెరటి గోడ మీద పెట్టేవాళ్ళట. తాగి, కడిగి, మళ్ళీ గోడ మీదే పెట్టి రావాలి.

"నా కాళ్ళ మింద పండుకొని పెరిగిన పిల్లోడు ఇప్పుడు బైకులో పోతా హారన్ కొడతాడు, పక్కకు జరగమని" అంది. "వాని ముక్కు నేను నొక్కిందే. లేకుంటే బజ్జీ మాదిరి ఉండు."

ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఒక ఆదివారం ప్రమోద, మనసులో ఉన్న పెద్ద భయమేమిటో చెప్పమంది. చెబితే సగం తగ్గుతుందట. ఒకరు అప్పులన్నారు, ఒకరు క్యాన్సరన్నారు. నేను అనుకోకుండానే నోరు జారాను.

"నేను చచ్చిపోతే నన్నెవురు కడుగుతారని భయం" అన్నాను.

తిరుపాల్ గొంతు సవరించుకున్నాడు.

"శరీరం చొక్కా లాంటిదమ్మా. ఆత్మ దాన్ని ఇడిసిపెట్టి పోతుంది. ఇడిసిన చొక్కా గురించి ఏడుస్తామా?"

"చొక్కా అయినా ఉతికేవాళ్ళు గావల్ల గదప్పా" అన్నాను. "నీ చొక్కా నువ్వు ఉతుకుతావా, ఇంట్లోవాళ్ళు ఉతుకుతారా?"

ప్రమోద, ఈ మాటను మనమందరం మౌనంగా మోద్దాం అని కళ్ళు మూసుకోమంది. అందరూ మూసుకున్నారు. నేను మూసుకోలేదు. పక్కన పుల్లమ్మ కూడా మూసుకోలేదు.

"నేను పోస్తాలే అక్కా. దానికంత దిగులేంటికి?" అంది, ఏదో చీర మడత పెట్టి ఇస్తానన్నట్టు.

ఆ వారమంతా నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. చివరికి ధైర్యం చేసి హిదాయతన్న దగ్గరికి వెళ్ళాను. మసీదు తరఫున చావు పనులన్నీ చూసే పెద్దమనిషి. చెడ్డవాడు కాదు. ఏ రాత్రి పిలిచినా వస్తాడు, గోరీ తవ్వేవాళ్ళ పక్కన నిలబడి తానూ పార పడతాడు. నేను చెప్పింది మొత్తం విన్నాడు.

"కుదరదు గుల్షన్‌బీ" అన్నాడు. "మనోళ్ళే చెయ్యల్ల. ఆమె ఎంత మంచిదైనా కానీ. రేపు నలుగురూ నన్నడిగితే నేనేం చెప్పల్ల?"

"మనోళ్ళు ఎవురుండారన్నా? పేరు చెప్పు."

ఆలోచించాడు. ఒకామెకు మోకాళ్ళు పడిపోయాయి. ఒకామె కొడుకుతో బెంగుళూరు పోయింది. నన్ను చూసి, మళ్ళీ నేల చూశాడు.

"అల్లా ఎవురినో ఒకర్ని పంపిస్తాడులే" అన్నాడు.

"పంపినప్పుడంతా నన్నే పంపినాడన్నా. నాకు నేను పోసుకోలేను గదా."

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. మాట మాత్రం మారలేదు. షహీన్‌ను కూడా అడిగాను, ఫోనులో. "పెద్దమ్మా, అట్ల మాట్లాడొద్దు, నాకు భయం" అని ఏడ్చింది. "ఇప్పుడు అంబులెన్సోళ్ళే అన్నీ చేస్తారంట" అని ధైర్యం కూడా చెప్పింది. దాన్ని తిట్టబుద్ధి కాలేదు. దాని వయసులో నేనూ అత్త వెనక దాక్కున్నదాన్నే.

ఆదివారం బెంచీ మీద పుల్లమ్మతో చెప్పాను. దాచకుండా చెప్పడమే మంచిదనుకున్నాను. అదే తప్పయింది.

"ఏంటికి వద్దంటాండారంట?" అంది.

"మా మతం మనిషే పొయ్యల్లంట. కులం గాదే, మతం."

"పేరేదైతే ఏముండాదక్కా? పెరటి గోడ పెరటి గోడే." సంగటి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "పానం ఉన్నప్పుడు నీ డబ్బాలో చెయ్యి పెడితే సరిపాయె. పానం పోతే ఈ చెయ్యి పనికిరాదా?"

"నేనన్నానా ఆ మాట?"

"నువ్వనలేదు. అడుక్కోని వచ్చినావు. అడగకుండా ఉంటేనే బాగుండు. బతుకంతా పెరట్లో నిలబడి నేను అడిగింది చాల్దా? నా తరఫున నువ్వు గూడా అడగల్నా?"

సంగటి డబ్బా ఆమె వైపు జరిపాను. ఆమె బండి ముందు వచ్చింది. డబ్బా కడగకుండానే సంచిలో వేసుకుని ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ప్రమోద క్షమ గురించి చాలా చక్కగా మాట్లాడింది. ఎవరు ఎవరిని క్షమించాలో మాత్రం తేల్చలేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చుని బొరుగులు తినబోయాను. ఒక్కదానికి అంత డబ్బా ఎందుకని కుక్కకు వేశాను. అది వాసన చూసి వెళ్ళిపోయింది. బండి ఆలస్యమని మైకులో చెప్పినప్పుడు నేనూ అందరితో కలిసి తిట్టుకున్నాను.

ఇంటికి వచ్చి బీగం తీశాను. లోపల చీకటి. ఎప్పుడూ ఉండేదే. ఆ రోజు మాత్రం గడప మీదే కూర్చుండిపోయాను. చావంటే నాకు భయం లేదు, రోజూ చూసేదే. మనిషి చెయ్యి తగలకుండా పోతానేమో అన్నదే నా భయమని అప్పుడు తెలిసింది. పోయినాక ఎవరో ఒకరు పోస్తారు, పోయకపోతే నాకేం తెలుస్తుంది? తెలిసేది ఇప్పుడే కదా. ఇన్నేళ్ళు ఇంతమందికి పోశానే, ఇంత చిన్న సంగతి బుర్రకు తట్టలేదు.

పొద్దున్నే లేచి రేగాకు కోశాను. కర్పూరం, ఉతికిన తెల్లగుడ్డ మూట కట్టాను. పెనుకొండలో దిగకుండా ధర్మవరం దాకా టికెట్ తీసుకున్నాను. అక్కడ దిగి, బిడ్డలకు నీళ్ళు పోసే పుల్లమ్మ ఇల్లు యాడ అంటే చిన్నపిల్లలు కూడా చూపించారు. పక్క ఇంట్లో మగ్గం ఆడుతోంది. పుల్లమ్మ వాకిట్లో చెనిక్కాయలు వొలుస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏమక్కా, ఇంకెవురినన్నా అడిగొచ్చినావా?"

"ఎవురినీ అడగలేదు. అడిగేది లేదు" అన్నాను. మూట ఆమె ముందు పెట్టాను. "చచ్చినాక నువ్వు పోస్తానంటే అడ్డం పడతారు. బతికుండంగా పోస్తే ఎవురు అడ్డం పడతారే? ఇప్పుడే నీళ్ళు పొయ్యి."

ఆమె మూట విప్పింది. తెల్లగుడ్డ చూసింది, ఆకు చూసింది.

"మతి పోయిందా నీకు?"

"పోయింది. పొయ్యి రాజెయ్యి."

ఆమె చెనిక్కాయల చేట పక్కకు నెట్టి లేచింది.

పెరట్లో తడికెల స్నానాల గది. పాత తలుపు చెక్క ఒకటి ఉంటే ఇటుకల మీద వేశాం. నీళ్ళు మరుగుతుంటే వరస చెప్పాను. ముందు చేతులు, నోరు, మొహం, తర్వాత తల. కుడి పక్క, ఆ తర్వాత ఎడమ పక్క. గుడ్డ తొలగకూడదు. దువా నేను మనసులో చదువుకుంటా, నువ్వేం చదవాల్సిన పని లేదు.

"ఇంగ ముఖ్యమైంది. పీనుగతో మాట్లాడకూడదు. నేను గూడా మాట్లాడను. నోరు మూసుకొని చెయ్యల్ల. తెలిసిందా?"

"తెలిసిందిలే, పండుకో."

పడుకున్నాను. తెల్లగుడ్డ కప్పింది. కళ్ళు మూసుకున్నాను. పక్క ఇంటి మగ్గం టకటకమంటోంది. చెక్క గట్టిగా ఉంది. ఇంతమందిని ఇంత గట్టి చెక్క మీద పడుకోబెట్టానా అనుకున్నాను. చెంబు ముంచిన చప్పుడైంది. చేతుల మీద నీళ్ళు పడ్డాయి. వెంటనే చెంబు ఆగింది.

"నీళ్ళు కాల్తాండాయా?" అంది పుల్లమ్మ.

మాట్లాడవద్దన్నాను కదా. నేను బిగుసుకుని పడుకున్నాను. ఆమె ఊరుకోలేదు. నా మణికట్టు పట్టుకుని, తన మోచేతి మీద నీళ్ళు పోసుకుని చూసుకుని, చన్నీళ్ళు కలిపింది.

"ఇప్పుడు? సరిపాయెనా తల్లీ? సరిపాయెలే."

అయ్యో, దీనికి ఈ జన్మలో రాదు అనుకున్నాను. వరసంతా మర్చిపోయింది. చెక్క చివర కూర్చుని కాళ్ళు చాపి నా తల ఒళ్ళోకి లాక్కుంది. నేను చెప్పని సున్నిపిండి ఎక్కడి నుంచి తెచ్చిందో తెచ్చింది. గుడ్డ కిందనే చెయ్యి పెట్టి భుజాలు, వీపు, అరికాళ్ళు రుద్దుతూ పోయింది. ఏదో గొణుగుతూనే ఉంది. "కాళ్ళు సూడు, ఎంత నడిచినాయో పాపం. ఈ ఏలు ఎప్పుడు ఇరిగింది? సూసుకోకూడదూ?" అంది. ఆ మాటలు నాతో కాదు. ఆ చేతులకు అలవాటైన మాటలవి. మొహం కడుగుతూ ఉన్నట్టుండి నా ముక్కు రెండు వేళ్ళతో పట్టి నొక్కింది.

పీనుగనన్న సంగతి మర్చిపోయి కళ్ళు తెరిచాను.

"ఇప్పుడు నొక్కితే ఏం లాభమే?" అన్నాను.

"అలవాటక్కా" అంది సిగ్గుపడి. "కండ్లు మూసుకో. సున్నిపిండి పడుతుంది."

నవ్వు వచ్చింది. నవ్వబోయాను, అది నవ్వులా రాలేదు. ఏడుపై బయటికి వచ్చింది. మా అమ్మ నాకు నీళ్ళు పోసిన రోజులు నాకు గుర్తు లేవు. చెల్లెల్ని కని, నాకు ఊహ తెలియకముందే ఆమె పోయింది. నీళ్ళు కాల్తాండాయా అని నన్ను అడిగిన మనిషి నాకు తెలిసినంతలో ఇదొక్కతే. రహీమ్ మంచివాడే, ఆయన కూడా అడగలేదు. ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను. మగ్గం ఆగింది, మళ్ళీ ఆడింది.

"పీనుగ ఏడవకూడదక్కా" అంది పుల్లమ్మ. కొంగుతో తానూ కళ్ళు ఒత్తుకుంది.

"బిడ్డలు ఏడవరా?"

"బిడ్డలు ఏడవల్ల. ఏడిస్తేనే ఊపిరి బాగుండాదని లెక్క."

అయితే సరేనని ఏడ్చాను. ఆమె ఆపమనలేదు. కర్పూరం నీళ్ళు పోసింది. చివరి చెంబులో నీళ్ళు దోసిట పట్టి నా తల చుట్టూ తిప్పి అవతల పారబోసింది. "యేసయ్యా, దిష్టి తగలకుండా సూడు" అంది. మా అత్త ఉండి ఉంటే మూర్ఛపోయేది. నేను మాత్రం ఆమీన్ అన్నాను.

తల తుడిచి నిప్పుల మీద సాంబ్రాణి వేసి జుట్టుకు పొగ పట్టింది. శవానికి చుట్టే కఫన్ గుడ్డకు మేం పట్టే వాసనా అలాంటిదే. ఆ వాసన వస్తే లేచి నిలబడి పని చూసుకోవడమే నాకు తెలుసు, దాని కింద కళ్ళు మూసుకుని కూర్చోవడం అదే మొదలు. వేరే గ్లాసులేం లేవు ఆమె ఇంట్లో. ఉన్నది ఒక్కటే గ్లాసు. ముందు నాకు కాఫీ ఇచ్చి, నేను తాగాక అదే గ్లాసులో తాను పోసుకుంది.

"ఆదివారం వస్తావా?" అన్నాను.

"వస్తాలే. ఆ తిరుపాల్ సార్ చొక్కా ఎవురు ఉతికినారో కనుక్కోవల్ల గదా."

బండెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఇంటికి వచ్చి బీగం తీశాను. చీకటి ఉన్నట్టే ఉంది, అది ఎక్కడికీ పోలేదు. నా జుట్టులో సాంబ్రాణి వాసన కూడా ఉంది. ఆ రాత్రి ఆ వాసనతోనే పడుకున్నాను.

కొన్నాళ్ళకు పొద్దున్నే హిదాయతన్న ఫోను చేశాడు. పరిగిలో ఒకామె పోయిందట, రొంత బిరీన రావాలట. చెప్పి, ఆగాడు.

"నీ సంగతి మర్చిపోలేదు గుల్షన్‌బీ. కదిరి తట్టు ఒకామె ఉందంట. మాట్లాడి పెడతా."

"మాట్లాడన్నా. ఎవురొచ్చినా సరే, ఎవురూ రాకున్నా సరే. నాకు ఒకసారి పోసేసినారు."

ఆయనకు అర్థం కాలేదు. నేను విడమర్చి చెప్పలేదు. చూసినదేదీ బయట చెప్పని అలవాటు ఉంది కదా.

పరిగిలో ఆమె నా వయసుదే. ఒంటరి మనిషట, పోయిన సంగతి పక్కవాళ్ళు చూసి చెప్పారట. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు గోడకు ఆనుకుని దూరంగా నిలబడ్డారు. గుడ్డ కప్పాను. రేగాకు నీళ్ళు సిద్ధం చేసుకున్నాను. చేతులు అరిగిపోయేంత కాలంగా చేసిన పని, తడుముకోవాల్సింది ఏమీ లేదు. చెంబు ముంచాను. పోయబోయి ఆగాను. మోచేతి మీద పోసుకుని చూసుకున్నాను. చన్నీళ్ళు కలిపాను.

ఆమె చల్లటి మణికట్టు పట్టుకుని వంగాను.

"నీళ్ళు కాల్తాండాయామ్మా?" అన్నాను.

గోడ దగ్గరివాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. చూసుకోనీ. జవాబు రాదని నాకు మాత్రం తెలియదా? అయినా ఆమెను ఎవరో ఒకరు అడగాలి. అడిగి, చెంబు చేతిలో పట్టుకుని, కాసేపు అలాగే ఆగాను.